ఒక స్క్రూ కింద ఒకే తీగ: అమెరికా ఇళ్ళ విద్యుత్ ప్యానెళ్ళలో న్యూట్రల్ నియమం

అమెరికాలో పాత ఇల్లు కొనేవారికి అందే తనిఖీ నివేదికల్లో తరచుగా కనిపించే లోపం ఒకటుంది: విద్యుత్ ప్యానెల్‌లో ఒకే స్క్రూ కింద రెండు న్యూట్రల్ తీగలు బిగించి ఉండటం. దీపాలు వెలుగుతున్నాయి, ఫ్రిజ్ నడుస్తోంది. ఇక దోషమెక్కడ అన్న సందేహం సహజం. ఈ దోషం అన్నీ సవ్యంగా ఉన్నంతకాలం బయటపడదు. బిగింపు వదులైన రోజునో, ఎవరైనా మరమ్మతుకు పూనుకున్న రోజునో బయటపడుతుంది.

అక్కడి వైరింగుకు ఆధారం 1897లో తొలిసారి వెలువడిన నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్. దీనిని మూడేళ్ళకొకసారి సవరిస్తారు. ప్యానెల్‌లో ప్రతి న్యూట్రల్ తీగకూ విడి టెర్మినల్ ఉండాలని ఇందులోని 408.41 నిబంధన చెబుతుంది. గ్రౌండ్ తీగల విషయంలో కొంత వెసులుబాటు ఉంది. ప్యానెల్ తలుపు మీది లేబుల్ అనుమతిస్తే, ఒకే లోహంతో, ఒకే మందంతో ఉన్న రెండు మూడు తీగలను ఒక స్క్రూ కింద బిగించవచ్చు. బ్రేకర్లకూ ఇదే సూత్రం: రెండు తీగల కోసం తయారుచేసినవి కొన్ని ఉన్నాయి, మిగిలినవాటికి ఒక్కటే.

న్యూట్రల్‌కు ఇంత పట్టింపు ఎందుకు? గ్రౌండ్ తీగలో మామూలుగా కరెంటు ప్రవహించదు. న్యూట్రల్ మాత్రం వాడకంలో ఉన్నంతసేపూ కరెంటు మోస్తుంది. రెండు గుండ్రని తీగలను ఒకే స్క్రూ సమానంగా అదమలేదు. వేడికి వ్యాకోచించి, చల్లారి సంకోచించే క్రమంలో ఒకటి వదులవుతుంది. వదులైన చోట నిరోధం 0.1 ఓమ్‌కు చేరితే, 15 ఆంపియర్ల కరెంటు ఆ ఒక్క బిందువులోనే 22.5 వాట్ల వేడిని పుట్టిస్తుంది.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. అమెరికా ఇంటికి 240 వోల్టుల సరఫరా వస్తుంది. న్యూట్రల్ దానిని రెండు 120 వోల్టుల భాగాలుగా విడదీస్తుంది. కొన్ని ఇళ్ళలో ఆ రెండు భాగాల సర్క్యూట్లు ఒకే న్యూట్రల్ తీగను పంచుకుంటాయి. ఆ తీగతోపాటు వేరొక సర్క్యూట్ న్యూట్రల్ కూడా అదే స్క్రూ కింద ఉందనుకుందాం. ఆ వేరొకదాని బ్రేకర్ ఆపి, స్క్రూ వదులు చేస్తే, నడుస్తున్న జంట సర్క్యూట్ల న్యూట్రల్ కూడా ఊడిపోతుంది. అప్పుడు ఒకవైపున్న 1200 వాట్ల హీటరు (12 ఓమ్‌లు), రెండోవైపున్న 120 వాట్ల ఉపకరణం (120 ఓమ్‌లు) 240 వోల్టుల మధ్య వరుసగా కలుస్తాయి. హీటరుకు దక్కేది 22 వోల్టులే; చిన్న ఉపకరణం మీద 218 వోల్టులు పడతాయి. అది కాలిపోతుంది, కరెంటు పరిమితి దాటదు కనుక బ్రేకర్ పడదు.

బిగింపుకూ కొలత ఉంది. తయారీదారు సూచించిన టార్క్‌ను కొలిచే పరికరంతోనే పాటించాలన్న నిబంధన 2017 కూర్పులో చేరింది. అల్యూమినియం తీగ రాగికన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి దానికి తగిన గుర్తు ఉన్న టెర్మినలే వాడాలి.

చాలా సందర్భాల్లో సవరణ చిన్నదే: రెండో తీగను పక్కనున్న ఖాళీ టెర్మినల్‌కు మార్చడం, ఖాళీ లేకపోతే, ఆ ప్యానెల్‌కు తయారీదారు సూచించిన అదనపు బార్ అమర్చడం. అయితే మెయిన్ బ్రేకర్ ఆపినా, బయటి నుంచి వచ్చే సరఫరా తీగల్లో విద్యుత్తు ఉంటూనే ఉంటుంది. అందువల్ల లోపాన్ని గుర్తించడం ఇంటివారి వంతు అయినా, సరిచేయడం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ పని.