పురపాలక సంఘములు – ఊరుమ్మడి తోటలు

పట్టణమునకు వీధి యెంత యవసరమో వీధి చివర నీడయు నంత యవసరము. మంచినీటి గొట్టము, మురుగుకాలువ, దీపస్తంభము, బాలుర యాటస్థలము, వృద్ధులు సాయంకాలమున గూర్చుండు తోట – ఇవి యే యొక్కరి సొత్తును గావు, అందరి సొత్తు. అందరి సొత్తైన దానిని కనిపెట్టువా డెవడు? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరముగనే పురపాలక సంఘము లేర్పడినవి. ఆ సంఘములు తమ యెదుటికి వచ్చిన పనుల నెట్లు పరీక్షించుచున్నవో నేడు కొంత విచారింప దలచితిమి.

మన తెలుగుదేశమున భీమునిపట్టణమునందు 1861వ సంవత్సరముననే పురపాలక సంఘ మేర్పడినది. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి తీర్మానము గావించెను. ఆ పిమ్మట మన నాయకులు పలువురు మున్సిపల్ సభలలోనే ప్రజాపరిపాలనమునకు ఓనమాలు దిద్దుకొనిరి. ప్రకాశం పంతులుగారు రాజమహేంద్రవరమునందును, వల్లభభాయి పటేలుగారు 1924 మొదలు 1928 వరకు అహమ్మదాబాదునందును, జవహర్లాలు నెహ్రూగారు 1923 మొదలు 1925 వరకు అలహాబాదునందును పురపాలకాధ్యక్షులుగ నుండిరి. కాలువల లెక్కయు, పన్నుల లెక్కయు నడుగుట తమ గౌరవమునకు కొరత యని వారు తలంపలేదు. స్వరాజ్యము వచ్చిన పిమ్మట ఆ యలవాటు మనలో పెరుగవలసినది. తరిగినదేమో యని మా యనుమానము.

చట్టమున లోపము లేదు. 1992లో చేయబడి 1993 జూన్ 1వ తేదీనుండి యమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పురపాలక సంఘములకు 18 విషయములను నిర్దేశించినది. ఉద్యానములు, తోటలు, ఆటస్థలములు, పట్టణములలో వృక్షములను పెంచుట – ఇవి యందు చేరినవి. మూడు లక్షలకు తక్కువకాని జనాభాగల పురములయందు వార్డు కమిటీ లుండవలెనని యదే సవరణము చెప్పుచున్నది. 2015లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన అమృత్ పథకమున, మంచినీరు, మురుగునీటి పారుదలలతో బాటు, పచ్చని స్థలములకును రెండున్నర శాతమువరకు సొమ్ము ప్రత్యేకింపబడినది. తెలంగాణమున 2019వ సంవత్సరపు పురపాలక చట్టము బడ్జెటులో పదవవంతును పచ్చదనమునకు కేటాయింప వలెననియు, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రదికించ వలెననియు విధించినది. సొమ్మున్నది, శాసనమున్నది. లేనిది సభలో ప్రశ్న.

సభలు జరుగు తీరు మన పాఠకు లెరుగనిది గాదు. అజెండాలో పదులకొలది యంశము లుండును. అంచనాలు సభ్యుల చేతికి వచ్చుట యాలస్యము. ఆమోదముద్ర పడుట త్వరితము. తోటకై వచ్చిన యంచనాను విప్పి చూచినచో ప్రహరీగోడ, ముఖద్వారము, నడకదారికి పలకలు, రంగులు పూసిన బల్లలు, శిలాఫలకము – ఇవన్నియు నుండును. చెట్టునకు నీరెక్కడినుండి వచ్చునో, ఎండకాలమున దాని నెవడు తడుపునో యుండదు. కారణము స్పష్టమే. గోడను కొలువవచ్చును, కొలిచినదానికి బిల్లు వ్రాయవచ్చును, మార్చి నెలాఖరులోగా చెల్లింపవచ్చును. వేపచెట్టు నీడనిచ్చుటకు పదేండ్లు పట్టును. ఆ పదేండ్ల కాపుదలకు బిల్లు లేదు. అందుచేత తోటయని పేరు పెట్టి రాతిపలకల నేలను ప్రజల కప్పగించుచున్నారు. వానపడిన నీ రింకుటకు దారిలేక వీధిలోనికి పారుచున్నది.

కావున సభ్యు డడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. పనికి పూర్వము: ఈ నేల యెవరిది? లేఅవుటు పటములో దేనికొరకు విడిచిరి? దానపత్రము సంఘము పేర రిజిష్టరయినదా? ఏటేట కాపుదలకు సొమ్మే పద్దునుండి వచ్చును? పని నడుచునపుడు: కొలతల పుస్తకములో వ్రాసినదియు, నేలమీద నున్నదియు నొక్కటేనా? పని ముగిసిన పిమ్మట: మూడు వేసవులు గడచునప్పటికి మొక్కలెన్ని మిగిలినవి? వీనిని ధైర్యముగ నడుగుటకు ఇంజనీరు విద్య యక్కరలేదు. ఇల్లు కట్టించుకొన్న ప్రతి గృహస్థునకు నీ విచారణ తెలిసినదే.

ప్రశ్న లేనిచోట నేమగునో రెండు తార్కాణములు చూపుదుము. బెంగళూరున తోటకై విడిచిన స్థలమును నొక ట్రస్టునకు ఆసుపత్రి కట్టుకొనుటకై యిచ్చిరి. ఆ పేటవాసులు న్యాయస్థానమున కెక్కిరి. 1991లో సుప్రీముకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తీర్చినది. హర్యానాలోని థానేసరున బయలుగా నుంచవలసిన స్థలమును ధర్మశాల కొరకు ఒక సంస్థకు కౌలున కిచ్చిరి. 1995లో నదియు చెల్లలేదు. ఆసుపత్రి మంచిది, ధర్మశాల మంచిది. కాని యొక మంచిపని పేర మఱియొక మంచిని మింగరాదు. ఈ రెండు పట్లను నేలను రక్షించినది పాలకుల సభ గాదు, వీధిలోని పౌరులు. వారు వ్యాజ్యమునకు పెట్టిన కాలమును, ధనమును సభలో నొక్క ప్రశ్న మిగిల్చి యుండెడిది.

మన పాఠకులలో భూస్వాములు పలువు రున్నారు. వారి కొకమాట. పొలమును లేఅవుటుగ విభజించునపుడు పదింట నొకవంతు బయలుగా విడిచి సంఘమునకు దానపత్రము వ్రాయవలెనని మన నిబంధనలు చెప్పుచున్నవి. పల్లపుమూలను, కాలువగట్టును విడిచి నియమము తీరినదనుట ధర్మముగాదు. ఆ స్థలము తమ మనుమలాడుకొను చోటని తలచి విడువవలెను. పల్లెలలోని యుమ్మడి నేలల యాక్రమణలను తొలగింప వలసినదని 2011లో సుప్రీముకోర్టు రాష్ట్రముల నాజ్ఞాపించినది. చెరువుగట్టున రెండు గజములు కలుపుకొన్న వా రీతీర్పును జ్ఞాపకముంచుకొనుట మేలు. పట్టణవాసులకును సాధన మున్నది. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము ననుసరించి పౌరుడు కాగితములను జూచుటయేగాక, ప్రభుత్వపు పనిని స్వయముగ పరీక్షింపవచ్చును. వాడిన సామగ్రి నమూనాను గోరవచ్చును.

ప్రశ్నలచే పనులాగిపోవునని కొందరందురు. ఎదిరిపక్షము వారి పని యనుటచేతనే యడ్డు చెప్పువారిని మేమును సమర్థింపము. అట్టివారు ప్రశ్నకే యపకీర్తి దెచ్చుచున్నారు. కాని నెలదినము లాలస్యమైన తోట యూరికి నష్టము గాదు. కట్టిన రెండేండ్లకు తాళము పడి ముండ్లకంప మొలచిన తోటయే నష్టము. గోడ కూలిన మరల కట్టవచ్చును. బయలుపోయిన పిమ్మట దానిని కొనుటకు సంఘమున కేనాటికిని ధనము చాలదు.

మీ వార్డు సభ్యుడు వోటు కొరకు మీ గడపకు వచ్చినపుడు, ఎన్ని తోటలు ప్రారంభించితివని యడుగకుడు. ఎన్ని యంచనాలు చదివితివని యడుగుడు. ఆ ప్రశ్న ప్రతి గడపయందు వినిపించిననాడు సభలోను ప్రశ్న వినిపింపక మానదు.