అద్దానికి వెండి తొడుగు

బొల్లారం పారిశ్రామికవాడలో గాజును చూడాలంటే మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ మూత తీసి లోపలికి తొంగిచూడాలి. ఉక్కు పాత్ర లోపలి గోడకు ఒకటి రెండు మిల్లీమీటర్ల గాజు పూత, ఎక్కువగా నీలం రంగులో. ఆమ్లాలు ఉక్కును తినేయకుండా కాచేది అదే. ఆపరేటర్ల మాటలో అలాంటి రియాక్టర్ జీఎల్ఆర్, అంటే గ్లాస్ లైన్డ్ రియాక్టర్. అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా నానక్‌రామ్‌గూడ ఆఫీసు టవర్ల దగ్గరికి చేరితే వరస తిరగబడుతుంది. అక్కడ గాజే గోడ, దాని మీద పూత లోహం.

అంత గాజు అంత చవగ్గా దొరకడం వెనక తగరం ఉంది. 1950ల దాకా వంకర లేని పెద్ద పలక కావాలంటే మందంగా పోతపోసి, రెండు వైపులా అరగదీసి మెరుగు పెట్టాల్సిందే. ఇంగ్లండులోని పిల్కింగ్టన్ కంపెనీలో అలస్టేర్ పిల్కింగ్టన్ (ఇంటిపేరు ఒకటే, యజమానుల కుటుంబం మాత్రం కాదు) 1952లో ఆ అరగదీతకే ఎసరు పెట్టాడు. కరిగిన తగరం మీద కరిగిన గాజును పారించాడు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, గాజు కంటే బరువు, కొలిమి వేడికి మరిగిపోదు. సుమారు 1000 డిగ్రీల దగ్గర దాని మీదికి చేరిన గాజు తనంతట తానే చదునుగా పరుచుకుంటుంది. 600 డిగ్రీలకు దిగేసరికి రోలర్ల మీద నడిచేంత గట్టిపడుతుంది. వదిలేస్తే ఆరేడు మిల్లీమీటర్ల మందాన ఆగుతుంది. పలచన కావాలంటే లాగాలి. గాలి తగిలితే తగరం తెట్టు కడుతుంది కనుక పైన నైట్రోజన్, కాస్త హైడ్రోజన్ నింపుతారు. ఏడేళ్ల తంటాల తర్వాత, 1959లో కంపెనీ ఈ పద్ధతిని లోకానికి చెప్పింది.

చల్లటి దేశపు సరుకు ఆ గాజు. ఆరు మిల్లీమీటర్ల మామూలు తెల్ల అద్దం ఎండ వేడిలో 80 శాతం దాకా లోపలికి వదులుతుంది. మన మే నెలలో దాంతో గోడ కట్టడమంటే ఏసీ కంపెనీకి కట్నం ఇవ్వడమే. హైటెక్ సిటీ దగ్గర 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించిన సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ జాలీ గోడల్నీ, గాలి గోపురాల్నీ నమ్ముకుంది. నాకు ఆ దారే నచ్చుతుంది. కానీ టవర్లు కట్టేవాళ్లు పూతను నమ్ముకున్నారు.

ఎండ శక్తిలో దాదాపు సగం కంటికి కనపడని పరారుణం. గాలి తీసేసిన గదిలో వెండి దిమ్మను అయాన్లతో కొడితే రాలే పరమాణువులు పలక మీద పొరగా చేరతాయి. మందం పది పదిహేను నానోమీటర్లు. ఆ పొర వెలుగును రానిచ్చి, పరారుణాన్ని చాలావరకు వెనక్కి కొడుతుంది.

వెండికి తేమ పడదు. అందుకే డబుల్ గ్లేజింగ్‌లో బయటి పలకకు లోపలి ముఖాన, రెండు పలకల మధ్య మూసిన పొడి గాలిలో దాన్ని దాస్తారు. సీలెంట్ అతుక్కునే అంచున పూతను ముందే గీకేస్తారు. బిగించేటప్పుడు అద్దం తిరగబడి పూత లోపలి పలక మీదికి పోతే, అది మింగిన వేడి ఆఫీసులోకే వస్తుంది.