పజిల్ కష్టమని తయారుచేసినవాళ్లకి తెలియదా?

ప్రశ్న: తెరమీది వస్తువుల్ని నొక్కుతూ ఆడే పాయింట్ అండ్ క్లిక్ గేముల్లో కొన్ని పజిల్స్ దగ్గర ఎంతసేపు కూర్చున్నా ఏం చేయాలో తోచదు. ఆ సంగతి గేమ్ తయారుచేసినవాళ్లకి ముందే తెలియదా?

జవాబు: చాలాసార్లు నిజంగానే తెలియదు. ఎందుకో తెలియాలంటే, మీకు బాగా వచ్చిన పాట ఒకటి మనసులో పాడుకుంటూ దాని దరువు మాత్రం బల్లమీద వేలితో కొట్టండి. ఏం పాటో పక్కవాళ్లని చెప్పమనండి. మీ చెవుల్లో రాగం, మాటలు అన్నీ మోగుతుంటాయి. వాళ్లకి వినిపించేది ఉత్త టకటకే. 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ ఈ పరీక్షే పెట్టారు. సగం పాటలైనా పోలుస్తారని కొట్టినవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో విన్నవాళ్లు పోల్చింది మూడే.

పజిల్ అల్లినవాళ్లదీ ఇదే పరిస్థితి. జవాబు ఒకసారి తెలిశాక, తెలియనివాడి కళ్లతో ఆ పజిల్‌ని చూడటం వాళ్ల తరం కాదు.

1999లో వచ్చిన ‘గేబ్రియల్ నైట్ 3’ చూడండి. హీరోకి మోటార్‌సైకిల్ అద్దెకు కావాలి. అందుకు స్నేహితుడిలా వేషం వేయాలి. షెడ్డు తలుపు కన్నానికి టేపు అంటించి, పిల్లిమీద నీళ్లు చిమ్మితే, అది కన్నంలో దూరి పారిపోతూ టేపుకి బొచ్చు వదిలిపోతుంది. ఆ బొచ్చుని మేపుల్ సిరప్‌తో మూతికి అతికిస్తే మీసం! తమాషా ఏమిటంటే, ఆ స్నేహితుడికి మీసమే లేదు. అందుకని అతని పాస్‌పోర్టు ఫొటోమీద మార్కర్‌తో మీసం గీయాలి.

ఇది కష్టమైన పజిల్ అనను, అస్పష్టమైనది అంటాను. జవాబు తెలిశాక ‘అరె, కళ్లెదుటే ఉందే!’ అనిపిస్తే పజిల్ మంచిదే. ‘ఇది ఎవరికి తడుతుందండీ?’ అనిపిస్తే లోపం ఆడేవాడిది కాదు.

మరి ఆ లోపం బయటపడేదెలా? గేమ్ గురించి ఏమీ తెలియని మనిషిని కూర్చోబెట్టి ఆడించాలి. తయారుచేసినవాళ్లు వెనక నిలబడి, నోరు మెదపకుండా చూడాలి. అదే అన్నిటికన్నా కష్టం! బావిలో బకెట్టు తీయాలనుకోండి. ఆ మనిషి సంచిలోని తాడుని బావిమీద నొక్కుతాడు. ‘అలా కుదరదు’ అంటుంది గేమ్. దాంతో తాడు పనికిరాదనుకుని ఊరంతా తిరుగుతాడు. నిజానికి అతని ఆలోచన సరైనదే, తాడే పొట్టిది. గేమ్ చెప్పే ఆ మాటని ‘తాడు అందడం లేదు’ అని మారిస్తే చాలు. పజిల్ అలాగే ఉంటుంది, దారి మాత్రం తెలుస్తుంది.

ఆడినవాళ్లు ‘ఈ పజిల్ తీసేయండి’ అని కూడా అంటారు. ఎక్కడ ఇరుక్కున్నారన్నది నమ్మాల్సిందే. వాళ్లు చెప్పే మందు మాత్రం చాలాసార్లు పనిచేయదు.

ఆడేవాళ్ల మాట విని మారిన గేములున్నాయి. 2017లో ‘థింబుల్‌వీడ్ పార్క్’ హింట్లు లేకుండానే విడుదలైంది. తర్వాత అందులో ఒక ఏర్పాటు చేర్చారు: గేములోని ఫోన్‌లో 4468 నొక్కితే సూచనలు వినిపిస్తాయి. అలాంటి సాయం మొదటినుంచే ఉన్న గేములూ ఉన్నాయి. చెక్ దేశపు ‘మెషినేరియమ్’ (2009)లో జవాబుల పుస్తకమే ఉంది. కానీ దానికి తాళం వేసి ఉంటుంది. తెరుచుకోవాలంటే ముందు ఇంకో చిన్న ఆట ఆడి గెలవాలి. నాకు ఈ పద్ధతే నచ్చింది. ఆ ఆట ఆడే ఓపిక లేక, చాలామంది పజిల్‌నే ఇంకోసారి చూస్తారని నా నమ్మకం.