కేటలాగులో వచ్చిన పన్నెండు బోరు

బ్యాంకు గేటు పక్కన స్టూలు మీద కూర్చునే గన్‌మన్ చేతిలోని రెండు గొట్టాల తుపాకిని రోజూ చూస్తూనే ఉంటాం. లైసెన్సు కాగితాల్లో దాన్ని డీబీబీఎల్ అని రాస్తారు, నోటిమాటగా ట్వెల్వ్ బోర్ అంటారు. నగదు వ్యాన్ వెంట, ఏటీఎం ముందు, కోఠీ బ్యాంక్ స్ట్రీట్‌లో అదే తుపాకి. నూట యాభై ఏళ్లుగా దాని లోపలి అమరికలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. దాన్ని ముందుగా చూడకుండా, చేత్తో పట్టి బరువైనా చూసుకోకుండా, లావుపాటి కేటలాగులో బొమ్మ మీద వేలు పెట్టి, సముద్రం అవతలికి ఉత్తరం రాసి తెప్పించుకున్న రోజులు హైదరాబాదులోని చాదర్‌ఘాట్ చూసింది. తుపాకిలాంటి ప్రమాదకరమైన, సున్నితమైన యంత్రాన్ని అంత నమ్మకంగా ఉత్తరం మీద ఎలా కొన్నారు? దానికి జవాబు ఆ పన్నెండు అనే అంకెలోనే ఉంది.

ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన భాగాలు చేసి ఒక్కో భాగాన్ని గుండ్రటి గుండుగా పోస్తే, ఆ గుండు సరిగ్గా పట్టే గొట్టమే పన్నెండు బోరు. గుండు బరువు సుమారు 37.8 గ్రాములు, అడ్డుకొలత 18.5 మిల్లీమీటర్లు. పౌనును ఇరవై భాగాలు చేస్తే గుండు చిన్నదవుతుంది, గొట్టం 15.6 మిల్లీమీటర్లకు సన్నబడుతుంది. అందుకే ఈ లెక్కలో అంకె పెరిగేకొద్దీ తుపాకి చిన్నదవుతూ వస్తుంది. ఏనుగుల వేటకు వాడిన నాలుగు బోరు తుపాకిలో ఒక్కో గుండు పావు పౌను బరువు తూగేది.

అంతకుముందు ఉన్నది బర్మారు. తెలంగాణ పల్లెల్లో ఆ పేరు తెలియని పెద్దలు ఉండరు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, గుళ్లు వేసి, మళ్లీ పీలిక పెట్టి గజంతో దట్టించాలి. వాన పడితే మందు నెమ్ముతుంది, తొందరపడితే రెండుసార్లు దట్టించి గొట్టం పేలిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఏ తుపాకి కొలత దానిదే. గుండు పోసుకునే అచ్చు తుపాకితో పాటే వచ్చేది, అచ్చు పోతే తుపాకి సగం పోయినట్టే. అలాంటి వస్తువును దూరం నుంచి కొనడమంటే దాన్ని చేసినవాడి మీద జీవితాంతం ఆధారపడటమే.

ఆ ముడిని విప్పింది తోటా. పారిస్ తుపాకుల తయారీదారు కాసిమిర్ లెఫోషో 1835లో గొట్టాన్ని మధ్యలో విరిచి వెనుకనుంచి తోటా పెట్టే తుపాకికి రూపం ఇచ్చాడు. 1851 లండన్ మహాప్రదర్శనలో అతని తుపాకిని ఇంగ్లండు పనివాళ్లు చూశారు, మొదట అనుమానించారు, తర్వాత దాని మీదే పనిచేశారు. 1860లకల్లా అడుగున నడిమధ్య నిప్పు పుట్టించే టోపీ ఉన్న తోటా వచ్చేసింది. మందు, గుళ్లు, నిప్పు మూడూ ఒకే డొక్కులో ఇమిడాయి. ఈ డొక్కు చేసే అసలైన పని బయటికి కనబడదు. మందు అంటుకోగానే లోపలి వాయువు వత్తిడికి డొక్కు అడుగునున్న ఇత్తడి కప్పు ఉబ్బి గొట్టం గోడకు అతుక్కుంటుంది. వాయువు వెనక్కి, అంటే కాల్చేవాడి ముఖం మీదికి రాకుండా అది అడ్డుపడుతుంది. వత్తిడి తగ్గగానే ఇత్తడి తన సాగే గుణం వల్ల మళ్లీ ముడుచుకుని చేతికి తేలిగ్గా ఊడి వస్తుంది. సెకనులో వందో వంతు కూడా పట్టని ఈ ఉబ్బడం, ముడవడం లేకపోతే వెనుకనుంచి నింపే తుపాకే లేదు.

కానీ ఇత్తడి ఉబ్బడానికి హద్దు ఉంది. గొట్టం కాస్త వెడల్పయితే డొక్కు చిరుగుతుంది, కాస్త ఇరుకైతే లోపలికే పోదు. అందుకని తోటా చేసేవాడూ గొట్టం తొలిచేవాడూ ఎవరి ఊళ్లో వారున్నా ఒకే కొలతకు కట్టుబడక తప్పలేదు. బర్మింగ్‌హామ్‌లో చేసిన తుపాకిలోకి బొంబాయిలో కొన్న తోటా దిగి తీరాలి. అలా పన్నెండు అనే అంకె ఒప్పందంగా మారింది. కేటలాగు వ్యాపారం నిలబడింది ఆ ఒప్పందం మీదనే.

దానికి తోడు మరో రెండు కలిసొచ్చాయి. 1875లో వెస్ట్‌లీ రిచర్డ్స్ కంపెనీ పనివాళ్లు అన్సన్, డీలీ కొత్త లాకుకు పేటెంటు తీసుకున్నారు. గొట్టాలను విరిచినప్పుడే ఆ ఊపుతో లోపలి గుర్రాలు ఎక్కిపెట్టుకుంటాయి. భాగాలు తక్కువ కాబట్టి చవకగా, ఎక్కువ సంఖ్యలో చేయవచ్చు. రెండోది ప్రూఫ్ ముద్ర. లండన్‌లోనూ, 1813 నుంచి బర్మింగ్‌హామ్‌లోనూ ప్రతి గొట్టాన్నీ మామూలుకంటే ఎక్కువ మందుతో పేల్చి, పగలకుండా నిలబడితేనే ముద్ర కొట్టేవారు. ఆ ముద్ర లేకుండా అమ్మితే నేరం. సముద్రం ఇవతల ఉన్న కొనుగోలుదారు తరఫున ఎవరో ముందే పరీక్షించి సంతకం పెట్టినట్టే కదా.

ఇక కేటలాగు సంగతి. బ్రిటిష్ అధికారులు 1871లో లండన్‌లో సహకార సంఘంగా పెట్టుకున్న ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్, 1891లో బొంబాయికి, 1901లో కలకత్తాకు వచ్చింది. వాళ్ల కేటలాగు వెయ్యి పేజీలు దాటేది. మందులు, మంచాలు, గుర్రపు జీనులు, పియానోలు, వాటి మధ్యలోనే తుపాకుల పేజీలు. స్టోరు తుపాకులు చేసేది కాదు. బర్మింగ్‌హామ్ కార్ఖానాల్లో చేయించి, తన పేరు చెక్కించి అమ్మేది. సైన్యంలో అధికారి తన పిస్తోలు తనే కొనుక్కోవాల్సి ఉండేది కాబట్టి గిరాకీకి లోటు ఉండేది కాదు. తెలుగు జిల్లాల జమీందార్లకు మద్రాసు మౌంట్ రోడ్డులో పి. ఆర్ అండ్ సన్స్ ఉండేది. గడియారాలమ్మే ఆ షాపు తుపాకుల మీద కూడా తన పేరు వేసుకునేది.

హైదరాబాదు వైపు ఈ సరుకు దిగిన చోటు చాదర్‌ఘాట్. మూసీకి ఉత్తరాన, కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టూ పెరిగిన పేటలకు ఆ పేరుతో విడిగా మునిసిపాలిటీయే ఉండేది, 1933లో గానీ అది నగరంలో కలవలేదు. 1869లో సూయజ్ కాలువ తెరిచారు, 1874లో వాడీ నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది, 1907లో నాంపల్లి స్టేషన్ కట్టారు. వస్తువు అందాక డబ్బు కట్టే వీపీపీ పద్ధతిని టపాశాఖ 1877లోనే మొదలుపెట్టింది. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దగ్గర ఆంతరంగిక సేవకుడిగా ఉన్న ఆర్మీనియా యూదుడు ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన విదేశీ సరుకుల దుకాణం అక్కడి పేటకే పేరిచ్చింది. ఆబిడ్స్ అన్నప్పుడల్లా మనం ఒక షాపు పేరే పలుకుతున్నాం. పాషా గొప్ప వేటగాడు. ఆయన పులుల వేటలను రాజా దీన్‌దయాళ్ ఫొటోలు తీశాడు. చచ్చిన పులుల వెనుక వరసగా నిలబడ్డ తుపాకులను ఆ ఫొటోల్లో చూడవచ్చు.

ఉత్తరం మీద తుపాకి కొనేటప్పుడు ఒంటి కొలతలు కూడా పంపేవారు. చేతి పొడవు, మెడ పొడవు, భుజం వెడల్పు, ఏ కంటితో గురి చూస్తారు అన్న వివరాలు చూసి పనివాడు మడమ కర్రను అర అంగుళం తగ్గించడమో, పక్కకు వంచడమో చేసేవాడు. గుళ్ల తుపాకిని రైఫిలులా నిదానంగా గురిపెట్టి కాల్చరు. భుజానికి ఎత్తగానే కన్ను వెళ్లిన చోటికే గొట్టం వెళ్లాలి, కాబట్టి ఆ అర అంగుళమే వేటను నిర్ణయిస్తుంది. దర్జీకి ఆది జాకెట్టు పంపినట్టు జరిగిన ఈ వ్యవహారం నాకు ఆ వ్యాపారం మొత్తంలో ఎక్కువ ముచ్చట కలిగించేది.

దక్కనుకు వచ్చాక తుపాకికి అసలు పరీక్ష వానాకాలం. అట్ట డొక్కులు చెమ్మకు ఉబ్బి గొట్టంలో ఇరుక్కునేవి, అందుకే ఇక్కడివాళ్లు పూర్తి ఇత్తడి డొక్కులను ఇష్టపడేవారు. తోటా టోపీలో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది మన ఉప్పులాంటి లవణంగా మారి గొట్టంలో పేరుకుంటుంది, గాలిలో తేమను లాగి రాత్రికి రాత్రే తుప్పు తెస్తుంది. నూనె ఆ లవణాన్ని కరిగించదు. నీళ్లే కరిగిస్తాయి. అందుకే వేట నుంచి రాగానే గొట్టంలో సలసల కాగే నీళ్లు పోసి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె రాసేవారు.

పాత గొట్టాల మీద నీటి అలల్లాంటి చారలు కనిపిస్తాయి. వాటిని డమాస్కస్ గొట్టాలు అన్నారు. కత్తుల మీద అలాంటి చారను దక్కనులో జౌహర్ అనేవారు. ఆ కత్తుల ఉక్కు పుట్టింది మన దగ్గరే. ఇప్పటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి ఉక్కు ముద్దలు చేసేవారు, వాటికోసం పర్షియా వ్యాపారులు వచ్చి ఉండేవారని భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ రాశాడు. అయితే తుపాకి గొట్టంలో చార వచ్చే దారి వేరు. ఇనుము, ఉక్కు కమ్మీలను కలిపి మెలిపెట్టి, ఆ పట్టీని కడ్డీ చుట్టూ చుట్టి, కాల్చి సమ్మెటతో అతికేవారు. చూడటానికి ఎంతో అందం. కానీ ప్రతి అతుకూ ఒక బలహీనత. నల్లమందు రోజుల్లో అవి బాగానే నిలిచాయి. 1884లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ వియేయ్ పొగలేని మందు చేశాక ఆ రకం మందులు వాడుకలోకి వచ్చాయి, గొట్టాల మీద వత్తిడి తీరు మారింది. ఏకముద్ద ఉక్కు గొట్టాలు ముందుకొచ్చాయి, చారల గొట్టాలు వెనకబడ్డాయి. ఈ రోజుల తోటాను ఆ పాత గొట్టంలో పెట్టడం ప్రాణాంతకం.

ఆ తరం చేసిన మంచి పని ఇంకొకటి చోక్. గొట్టం చివర ఒక మిల్లీమీటరు మేర ఇరుకు చేస్తే గుళ్లు చెదరకుండా గుత్తిగా వెళతాయి. నలభై గజాల దూరంలో ముప్పై అంగుళాల వలయం గీస్తే, ఇరుకు లేని గొట్టం గుళ్లలో నలభై శాతం దాకా అందులో పడతాయి, పూర్తి చోక్‌తో డెబ్బై శాతం. బర్మింగ్‌హామ్ పనివాడు డబ్ల్యూ. డబ్ల్యూ. గ్రీనర్ 1870లలో దీన్ని నిరూపించి పేరు తెచ్చుకున్నాడు. భారత సైన్యంలో పనిచేసిన ఫాస్‌బరీ మరో అడుగు వేశాడు. గొట్టం చివరి కొద్ది అంగుళాల్లో మాత్రమే మెలితిరిగిన గాడులు తీశాడు. కౌజుకు గుళ్లు, ఎలుగుబంటికి గుండు, రెండూ ఒకే తుపాకితో. హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ దాన్ని పారడాక్స్ పేరుతో అమ్మింది. పొదలోంచి ఏది లేస్తుందో తెలియని మన అడవులకు అది సరిగ్గా సరిపోయింది.

ఈ యంత్రం మీద నాకు అభిమానం ఉంది, దాచను. కానీ ఆ కేటలాగు ఎవరి ఇంటికి వచ్చిందో చెప్పకుండా ముచ్చట మాత్రమే చెప్పడం అన్యాయం. 1878 ఆయుధ చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లను అందులోంచి మినహాయించింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి అల్లూరి సీతారామరాజు 26 తుపాకులు పట్టుకెళ్లాడు. తుపాకి కావాలంటే మన్యంవాళ్లకు ఉన్న దారి అదొక్కటే. నిజాం రాజ్యంలో తుపాకి గడీ గోడ మీద వేలాడేది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం తీసింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకి. ఎదురుగా ఉన్న జనం చేతుల్లో కర్రలు, వడిసెలలు.

కేటలాగు తలుపులు ఒక్కరోజులో మూసుకోలేదు. సైన్యం వాడే తోటాలు పక్కదారి పడుతున్నాయని 1907 ప్రాంతంలో .450 కొలత తోటాలను ఇండియాలోకి రానివ్వలేదు. దాంతో ఇంగ్లండు కంపెనీలు .470 వంటి కొత్త కొలతలు పుట్టించాయి. 1914 ఆగస్టు 26న కలకత్తా రోడా కంపెనీకి వచ్చిన 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తోటాలు విప్లవకారుల చేతికి చిక్కాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1959 చట్టం అందరికీ ఒకే లైసెన్సు పద్ధతి పెట్టింది. 1972 వన్యప్రాణి చట్టంతో వేటకు దారులు చాలావరకు మూసుకుపోయాయి. 1980లలో విదేశీ తుపాకుల దిగుమతి ఆగింది. అమెరికాలో సియర్స్ కంపెనీ కేటలాగుల మీద జనానికి ఇంకా ఎక్కువ మమకారం ఉండేది. అక్కడ 1963లో ఓస్వాల్డ్ అనేవాడు పత్రికలో కూపన్ కత్తిరించి, మారుపేరుతో, షికాగో షాపు నుంచి 19.95 డాలర్ల రైఫిలు టపాలో తెప్పించుకున్నాడు. ఆ రైఫిలుతోనే అధ్యక్షుడు కెనడీని చంపాడు. 1968 చట్టం ఆ టపా అమ్మకాలను ఆపింది. గొట్టానికి ప్రూఫ్ ముద్ర వేసే పద్ధతిని శతాబ్దాల క్రితమే పెట్టిన మనుషులు, కొనేవాడిని పరీక్షించే పద్ధతికి అంత ఆలస్యంగా వచ్చారు. ఆ ఆలస్యానికి చెల్లించిన మూల్యం చిన్నది కాదు. నా మటుకు నేను లైసెన్సు పక్షమే.

పన్నెండు బోరు మాత్రం పోలేదు, యజమాని మారాడు. ముంగేర్, జమ్మూ కార్ఖానాల్లో దాన్ని ఇప్పటికీ చేస్తున్నారు, ఖడ్కీ మందుగుండు కర్మాగారం తోటాలు ఇస్తోంది. 1795లో ఫ్రెంచి సేనాని రేమాండ్ ఫిరంగులు పోయించిన గన్‌ఫౌండ్రీలోనే 1942లో హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ తలుపులు తెరిచింది. వేటగాడి తుపాకిని అలాంటి బ్యాంకులు కాపలాకు పెట్టుకున్నాయి. తక్కువ దూరానికే పనిచేయడం, గుళ్లు చాలా దూరం పోయి ఎవరికో తగలకపోవడం వేటలో దాని లోపం. జనం మధ్య కాపలాలో అదే దాని మంచి గుణం.

తాతల నాటి తుపాకి ఇంట్లో ఉండి లైసెన్సుదారు చనిపోతే, దాన్ని జాగు లేకుండా పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో జమ చేయాలి, వారసులు ఆపైన లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి. హైదరాబాదులో అధికారం పోలీసు కమిషనర్‌ది. ఎవరూ ముందుకు రాని తుపాకులు చివరికి ధ్వంసమవుతాయి. జమ చేసే చోటే, అధికారుల అనుమతితో, డీలర్ చేత గొట్టాలు విప్పించి అడుగుభాగం ఫొటో తీయించండి. అక్కడ ప్రూఫ్ ముద్రలు ఉంటాయి. వజ్రం ఆకారపు గడిలో 12 అంకె ఉంటే అది 1887 తర్వాతి ఇంగ్లండు పరీక్ష. పైన పట్టీ మీద అమ్మిన స్టోరు పేరు, ఊరు చెక్కి ఉంటాయి. ఇంగ్లండు తయారీదారుల పాత పద్దులు కొన్ని ఇంకా భద్రంగా ఉన్నాయి, నంబరు చెబితే ఏ ఏడు ఎవరికి పంపారో వెతికి చెప్పగలరు. మన వైపు మాత్రం చాదర్‌ఘాట్‌కు చేరిన తుపాకుల జాబితా రాసి పెట్టుకోవడం ఇలాంటి ఫొటోలతోనే మొదలుకావాలి.