స్కానింగులో ఖాళీగా కనబడిన చోటు

మెదడులో గడ్డ ఉందని తెలిసి, ఆపరేషన్ కోసం మన నెల్లూరు తీరం నుండి చెన్నైకో వేలూరుకో వెళ్ళేవారికి డాక్టర్లు ఒక్కొక్కసారి 'ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ.' వ్రాస్తారు. గడ్డ ఎక్కడుందో మామూలు ఎం.ఆర్.ఐ.లోనే తెలుస్తుంది. మాటను, చేతి కదలికను నడిపే భాగాలు ఆ గడ్డకు ఎంత దగ్గరగా ఉన్నాయో తెలుసుకోవడానికి ఈ పరీక్ష. లోపల పడుకున్నవారిని వేళ్ళు కదపమంటారు, మనసులో పదాలు తలచుకోమంటారు. పనిచేస్తున్న భాగానికి రక్తం ఎక్కువగా చేరుతుంది. రక్తంలోని ఆక్సిజన్ మార్పును ఈ యంత్రంతో పట్టవచ్చునని 1990లో జపాను శాస్త్రవేత్త సెయిజీ ఒగావా బృందం చూపింది.

అయితే ఒక చిక్కుంది. ముక్కు వెనుక, చెవుల లోపల గాలి గదులు ఉన్నాయి. గాలి, మెదడు కండ అయస్కాంతానికి ఒకేలా స్పందించవు. అందుచేత ఆ సరిహద్దుల్లో బొమ్మ సాగిపోతుంది. నీళ్ళలో దించిన పడవ గెడ వంకరగా కనబడుతుంది కదా, అలాగన్నమాట. కొన్నిచోట్ల సిగ్నల్ పూర్తిగా మాయమై నల్లని ఖాళీ మిగులుతుంది. అక్కడ మెదడు పనిచేయడం లేదని అనుకుంటే ప్రమాదం. కణతల అడుగుభాగం జ్ఞాపకానికీ మాటకూ ముఖ్యమైనది. ఖాళీ పడేది తరచు అక్కడే.

సాగిన బొమ్మను చాలావరకు సరిచేయవచ్చు. ముందునుండి వెనుకకు ఒకసారి, వెనుకనుండి ముందుకు ఒకసారి తీస్తే సాగుడు ఎదురెదురు దిశల్లో వస్తుంది. రెంటినీ పోల్చి కంప్యూటర్ అసలు చోటు లెక్కగడుతుంది. పోయిన సిగ్నల్‌ను మాత్రం ఏ కంప్యూటరూ తిరిగి తేలేదు. తీసేటప్పుడే జాగ్రత్తపడాలి. పొరలు పలుచగా తీస్తారు, తలచుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని ముందుగా సమం చేస్తారు. యంత్రం ఎంత శక్తివంతమైతే బొమ్మ అంత మంచిదని మనవాళ్ళ నమ్మకం. ఈ విషయంలో మాత్రం శక్తి పెరిగితే వంకర కూడా పెరుగుతుంది.

మీ వంతు కూడా ఉంది. హెయిర్ పిన్నులు, కమ్మలు, ముక్కుపుడక, పిన్నీసులు, తీసిపెట్టే పళ్ళసెట్టు తీసివేయండి. పళ్ళకు తీగ కట్టించుకున్నా, తలకు ఇదివరకు ఆపరేషన్ జరిగినా, గుండెకు పేస్‌మేకర్ ఉన్నా లోపలికి వెళ్ళకముందే తప్పక చెప్పండి. తల కదపవద్దు. దగ్గు వస్తున్నట్లుంటే ముందే చెప్పండి.

మరొకటి. మాటల పరీక్ష మీకు బాగా వచ్చిన భాషలో పెట్టమని అడగండి. అడిగింది అర్థం కాక ఊరుకున్నా ఆ చోటు ఖాళీగానే కనబడుతుంది.