కిటికీకి రెప్ప: ఇంటి మరమ్మతులో ఒక ముఖ్యాంశం

కిటికీకి వివిధ భాషలలో గల పేర్లను ఒకచోట చేర్చి చూచినట్లయితే ఒక వింత కనబడుతుంది. సంస్కృతంలో వాతాయనం అంటే గాలి నడిచే దారి. గవాక్షం అంటే గోవు కన్ను. ఉర్దూలో పైకిటికీని రౌషన్‌దాన్ అంటాము, అనగా వెలుగుకు నెలవు. ఆంగ్లేయుల ‘విండో’ అనే మాటకు మూలమైన ప్రాచీన నార్సు పదానికి అర్థం గాలి కన్ను. గాలి, వెలుతురు, చూపు అనే మూడింటిని మన పూర్వులు, పరాయివారు కూడా గుర్తించారన్నమాట. అయితే కన్ను అన్న తరువాత దానికి రెప్ప ఉండవలెను కదా! నేటి మన ఇండ్లలో కొరవడినది ఆ రెప్పయే.

ఒకప్పటి 9వ నంబరు, నేటి 65వ నంబరు జాతీయ రహదారి ప్రక్కన ఉన్న రుద్రారం గ్రామాన్నే తీసుకొనండి. పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో పనిచేసే కుటుంబాలు ఈ పరిసరాలలో అనేకం. సిమెంటు స్లాబు, పలుచని ఇటుక గోడ, ప్రక్కకు జరిగే అద్దాల కిటికీ, దాని వెనుక ఒక పూల తెర: ఇదీ సాధారణంగా కనిపించే గది. ఈ గదిలో రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన మనిషి పగలు నిద్రించవలెను. మధ్యాహ్నం రెండు గంటలకు పడమటి ఎండ అద్దం మీద పడగానే ఆయన నిద్ర ముగుస్తుంది. నిద్ర చాలని మనిషి ఆ రాత్రి మళ్ళీ యంత్రం దగ్గర నిలబడవలెను. యంత్రం దగ్గర కునుకు ఎంత ప్రమాదకరమో ఈ వాడలో ఎవరికీ చెప్పనక్కరలేదు. కాబట్టి కిటికీ రెక్కల ఎన్నికను కేవలం అలంకార విషయంగా నేను భావించను.

తెర ఉన్నది కదా అని కొందరు అడుగవచ్చును. ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం అవసరం. సూర్యకాంతి మామూలు అద్దం గుండా సులభంగా లోనికి ప్రవేశిస్తుంది. లోపలి తెర, మంచం, గోడ దానిని గ్రహించి వేడెక్కుతాయి. అవి తిరిగి వెలువరించే ఉష్ణకిరణాలను మాత్రం అద్దం బయటకు పోనీయదు. తెర వెలుతురును ఆపుతుందేగాని, తాను వేడెక్కి ఆ వేడిని గదిలోనే వదలుతుంది. అదే అడ్డు అద్దానికి బయట ఉన్నచో వేడి బయటి గాలిలోనే కలిసిపోతుంది. దొంగను ఇంట్లోకి రానిచ్చి పట్టుకొనుట కంటె వాకిట ఆపుట మేలు కదా!

ఏ కిటికీకి ముందు రెక్క పెట్టవలెను? రుద్రారం సుమారు 17.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. హైదరాబాదు ప్రాంతంలో సుమారు మే 9న, మరల ఆగస్టు 3న మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఈ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. అస్తమయం కూడా పడమటికి కొంత ఉత్తరంగా జరుగుతుంది. అందుచేత వేసవిలో దక్షిణపు కిటికీకి సజ్జా చాలును. శీతకాలంలో అటునుండి ఏటవాలుగా వచ్చే ఎండ మనకు ఇష్టమైనదే. పడమటి కిటికీ సంగతి వేరు. దిగిపోతున్న సూర్యుడి కిరణాలు సజ్జా క్రిందుగా దూరి మంచం వరకు వస్తాయి. ఎంత వెడల్పు సజ్జా వేసినా సాయంకాలపు ఎండ ఆగదు. నిలువుగా మూసుకొనే రెక్క ఒక్కటే దానికి సమాధానం. డబ్బు ఒక్క కిటికీకే ఉన్నచో పడమటి పడకగదికి పెట్టించండి.

రెక్కలలో శ్రేష్ఠమైనది వాలుపలకల రెక్క. కైరో నగరపు పాత ఇండ్లలోని మష్రబియా అనే కొయ్య జాలీల వలె ఇది ఎండను ఆపి గాలిని రానిస్తుంది. లోనివారికి వీధి కనబడుతుంది, వీధివారికి లోపల కనబడదు. పలకలు బయటికి, క్రిందికి వాలి ఉండవలెను. పై పలక బయటి అంచు, దాని క్రింది పలక లోపలి అంచు కంటె కొంచెం దిగువకు రావలెను. అప్పుడే ఎండ గాని, చినుకు గాని సూటిగా లోనికి రావు. కొయ్యలలో టేకు ఉత్తమం, కాని ఖరీదు ఎక్కువ. బాగా ఆరిన వేపకు చెద త్వరగా పట్టదు. పచ్చి కొయ్య వానలకు ఉబ్బి బిగుసుకొంటుంది, ఎండకు వంకరపోతుంది. ఇనుప రేకు చవకే గాని పెనం వలె కాలుతుంది. పరిశ్రమల గాలి సోకే చోట తుప్పు కూడా త్వరగా పడుతుంది. అల్యూమినియం తుప్పు పట్టదు, లేత రంగు వేయించినచో ఎండను తిప్పికొడుతుంది. ఏదీ కొనలేనివారు సజ్జా అంచు నుండి వెదురు చిక్ వ్రేలాడదీయవచ్చును. అది కొన్నేళ్ళకే చివికిపోతుంది, అయినా పూల తెర కంటె నూరు రెట్లు నయం.

మన ప్రాంతంలో షట్టరు అనగానే దుకాణమే స్ఫురిస్తుంది; ‘షట్టరు అద్దెకు కలదు’ అనే బోర్డులు అడుగడుగునా కనబడతాయి. దుకాణానికి పెట్టే ఆ చుట్టుడు రేకును పడకగదికి పెట్టినచో ఎండతో పాటు గాలి కూడా ఆగిపోతుంది. అమెరికాలో అనేక ఇండ్లకు ఇంకొక విచిత్రం ఉన్నది: కిటికీకి ఇరుప్రక్కల గోడకే మేకులతో బిగించిన, ఎన్నటికీ మూయబడని రెక్కలు! అది రెప్ప కాదు, కాటుక.

ఇక ప్రణాళిక. అన్నిటికంటె ముందు కప్పు. పగలంతా కాగిన స్లాబు రాత్రి కూడా వేడిని క్రిందికి దించుతుంది గనుక, మొదట పగుళ్ళు పూడ్పించి తెల్లని పూత వేయించవలెను. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించుటకు కారణం ఇదే. తరువాత పడమటి రెక్కలు. రంగులు, అలంకారాలు చివరకు. మనవారు సాధారణంగా రంగులతో ప్రారంభించి అప్పుతో ముగిస్తారు.

వడ్రంగికి ఫాల్గుణంలో పని అప్పగించినచో ఎండలు ముదరకముందే బిగించవచ్చును. కిటికీని పైన, నడుమ, క్రింద మూడుచోట్ల కొలిచి తక్కువ కొలతను తీసుకొనవలెను. మూల నుండి మూలకు రెండు కొలతలు సమానంగా లేనిచో చౌకట్టు వంకర ఉన్నట్లు. నాలుగు అడుగుల కిటికీకి రెండేసి అడుగుల రెక్కలు రెండు కావలెను, అవి తెరుచుకొనుటకు ఇరువైపులా రెండేసి అడుగుల ఖాళీ గోడ కావలెను. ఇరుకు సందులో అవి నడిచేవారి తలకు తగులుతాయి. అక్కడ చిక్కే ఉచితం. మన వడ్రంగులు కబ్జాలని పిలిచే బందులు ఇత్తడివో, తుప్పు పట్టని ఉక్కువో కావలెను. రెక్కలు తెరచి ఉన్నప్పుడు పట్టి ఉంచే కొక్కేలు గట్టివై ఉండవలెను; వేసవి చివరి గాలిదుమారం ఒక్క విసురుకు రెక్కను ఊడదీయగలదు. రసాయనాల వాసన వచ్చే రాత్రులలో వాలుపలకలు దానిని ఆపలేవు గనుక అద్దాన్ని తీసివేయవద్దు.

చివరగా, ఎవరూ ముందు తలచని సంగతి ఒకటి. గ్రిల్ లోపల ఉంటుంది, రెక్క బయట ఉంటుంది. గడియ వేయుటకు చేయి ఎట్లా పోవలెను? గడియ ఎత్తున చేయి పట్టేంత గడి ఒకటి గ్రిల్‌లో విడిచిపెట్టమని, బిగించక ముందే కమ్మరికి చెప్పండి.