గాలం వేసేవాడి వాటా ఎంత?

ఫోన్‌లో ఒక్కసారి ‘చేపల వేట’ అని వెతికి చూడండి. ఆ తర్వాత వారం రోజులు మీ ఫీడ్ నిండా చేపలే. తెల్లవారుజాము, చెరువు కట్ట, చేతిలో రాడ్, ఉన్నట్టుండి బుడుంగున మునిగే బెండు, గిలగిలా కొట్టుకుంటూ బయటికొచ్చే కిలోన్నర బొచ్చె, చివర్లో పొయ్యి మీద ఉడుకుతున్న పులుసు. ముప్ఫై సెకన్లలో కథ అయిపోతుంది.

ఆ రీల్‌లో కనిపించని పాత్ర ఒకటుంది. కట్ట మీది నుంచి ‘ఎవర్రా అక్కడ? ఏ ఊరు మీది?’ అని కేకేస్తూ వచ్చే మనిషి. గాలం పట్టుకుని ఊళ్లు తిరిగే కుర్రాళ్లలో ఆయన ఎదురుపడనివాళ్లు తక్కువ. కొందరు బండి స్టార్ట్ చేసి జారుకుంటారు. కొందరు ‘చెరువు గవర్నమెంటుది, నీదా?’ అని వాదనకు దిగుతారు. ఇంతకీ ఆ బొచ్చె ఎవరిది?

కట్ట మీది మనిషి లెక్క

చెరువు సర్కారుదే. చేప మాత్రం చాలావరకు ఆయనదే. తెలంగాణలో ఎక్కువ చెరువుల్లో చేపలు పట్టుకునే హక్కు ఆ ఊరి మత్స్య సహకార సంఘానికి ఉంటుంది. జనం నోట్లో అది ‘సొసైటీ’. గంగపుత్రులు, ముదిరాజ్‌లు ఎక్కువగా సభ్యులుగా ఉండే ఈ సంఘాలు చెరువును లీజుకు తీసుకుంటాయి. వానలు పడి నీళ్లు చేరాక పిల్లల్ని వదులుతాయి. ఎండాకాలం నీళ్లు తగ్గాక వలలు దించుతాయి. 2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పథకంలో ఎండిపోయే చెరువులకు ఇచ్చింది 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు. అంటే ఒక్కోటి అగ్గిపుల్లంత. అందులో కొంగలు తిన్నవి పోగా, మత్తడి దూకి వెళ్లిపోయినవి పోగా మిగిలినవే బరువెక్కాలి. మీ గాలానికి పడిన ఆ ఒక్క చేప వెనక ఎనిమిది తొమ్మిది నెలల కాపలా ఉంది. ఆయన కేకలో కోపం కంటే ఈ లెక్కే ఎక్కువ.

ఆంధ్ర డెల్టాలో అయితే లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో చేపల చెరువంటే సొంత పెట్టుబడి, మేత ఖర్చు, కాపలా మనిషి. అక్కడ గాలం తీయడమంటే ఒకరి పొలంలో కంకులు కోసుకోవడమే. అందుకే అక్కడి గాలం బ్యాచ్ కాలువ గట్ల మీద, లాకుల దగ్గర, నది ఒడ్డున కనిపిస్తుంది. కొల్లేరు సంగతి వేరు. 1999 నుంచి అది అభయారణ్యం. కొల్లేరైనా, వరంగల్ వైపు పాఖాల అయినా, నల్లమలలో పులుల అభయారణ్యం పరిధిలోని నీళ్లయినా ముందు అటవీశాఖను అడగకుండా రాడ్ బయటికి తీయకండి. అక్కడ కేకతో సరిపోదు, కేసు అవుతుంది.

అయితే చెరువులోని ప్రతి చేపనూ ఎవరో వదిలింది కాదు. పరకలు, జెల్లలు, బొమ్మిడాయిలు ఎవరూ సంచుల్లో తెచ్చి పోసినవి కావు. తొలకరి వరదకు వాగుల్లో ఎదురెక్కి వాటంతట అవే వస్తాయి. వెనకటికి ఊళ్లలో గాలం వేసుకునే తాతనూ, బడి ఎగ్గొట్టి కంకబొంగుకు తంగూసు కట్టుకొచ్చిన పిల్లాణ్నీ సొసైటీవాళ్లు చూసీ చూడనట్టు వదిలేసేది అందుకే. వల వేస్తే దొంగతనం, గాలం వేస్తే కాలక్షేపం. ఈ ఒప్పందం ఏ కాగితం మీదా లేదు, కానీ తరాల తరబడి నడిచింది.

ఇప్పుడది తెగే దగ్గరికొచ్చింది. ఒక తాత, ఒక గాలం కాదు కదా. ఆదివారం వస్తే పది బైకులు, ఒక్కొక్కరి దగ్గర రెండు మూడు రాడ్లు, ఆపైన లొకేషన్ పిన్‌తో సహా వీడియో. వచ్చేవారం అదే కట్ట మీద ఇంకో ఇరవై మంది. సొసైటీ పెద్దమనిషి కర్ర పట్టుకుని రావడంలో ఆశ్చర్యం ఏముంది?

టికెట్ కొంటే పోలా?

డాలస్‌లోనో ఆస్టిన్‌లోనో ఉన్న మీ కజిన్‌ను అడిగి చూడండి. టెక్సాస్‌లో పదిహేడేళ్లు దాటినవాళ్లు పబ్లిక్ చెరువులో గాలం వేయాలంటే లైసెన్స్ కొనాల్సిందే. ఏ చేప ఎంత పొడవుంటే ఉంచుకోవచ్చు, రోజుకు ఎన్ని పట్టొచ్చు అన్నీ రాసిపెట్టి ఉంటాయి. కొత్తగా వెళ్లిన మనవాళ్లు వీకెండ్‌లో లేక్‌కి రాడ్ పట్టుకెళ్లి మొదట నేర్చుకునే పాఠం ఇదే. అమెరికాలో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. రాడ్లు, రీళ్లు, గాలాల మీద కంపెనీలు కట్టే 10 శాతం పన్ను, 1950 నాటి ఒక చట్టం ప్రకారం, రాష్ట్రాలకు తిరిగి వెళ్తుంది. దాన్ని చేపల సంరక్షణకు, జనం నీళ్ల దగ్గరికి చేరే సౌకర్యాలకు ఖర్చు పెడతారు.

అంతదూరం ఎందుకు, కాశ్మీర్‌లో ట్రౌట్ పట్టాలన్నా పర్మిట్ కావాలి, ఎన్ని పట్టాలన్నదానికి పరిమితీ ఉంది. హిమాచల్‌లో ట్రౌట్ గుడ్లు పెట్టే చలికాలంలో వేటే బంద్.

మన దగ్గర చెరువు కట్ట మీదికి వచ్చేసరికి గాలం వేసేవాడు ఎవరికీ పట్టని మనిషి. సొసైటీ రికార్డులో ఉండడు. మత్స్యశాఖ లెక్కలో ఉండడు. చెరువు శిఖం పూడ్చి ప్లాట్లు చేస్తే, మురుగు కాలువ తెచ్చి కలిపితే, ‘మేం ప్రతి ఆదివారం ఇక్కడికొస్తాం సార్’ అని చెప్పుకోవడానికి చేతిలో చీటీ ముక్క కూడా ఉండదు. సొసైటీయే రోజుకు వందో నూట యాభయ్యో పెట్టి టికెట్ ఇవ్వాలనీ, ఆ డబ్బు సభ్యులకే చేరాలనీ ఈ వ్యాసకర్త అభిప్రాయం. మనిషికి ఒక్క రాడ్, పెంపకం చేప పడితే వదిలెయ్యడమో తూకం వేసి కొనుక్కోవడమో. చిన్న చెరువుల్లో ఇదంతా ఎవరు చూస్తారన్న ప్రశ్న నిజమే. కానీ ఇప్పటికే కట్ట మీద ఒక మనిషి కాపలా ఉన్నాడు. కేకలెయ్యడానికి బదులు టికెట్ చింపుతాడు, అంతే తేడా.

ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే

ఇక గాలం బ్యాచ్‌కు అసలైన హీరో కొరమీను. తెలంగాణ రాష్ట్ర చేప. మృగశిర కార్తె వచ్చిందంటే మార్కెట్లో దాని ముందే క్యూ. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో బత్తిని కుటుంబం ఉబ్బసానికి ఇచ్చే చేప ప్రసాదంలోనూ నోట్లో వేసేది కొరమీను పిల్లనే. మామూలు రోజుల్లో కూడా ధర రోహు కంటే రెండు మూడు రెట్లు ఉంటుంది. పైగా ఎర మీద పడేటప్పుడు అది కొట్టే దెబ్బ... ఒకసారి చూసినవాడు మళ్లీ వెళ్లకుండా ఉండలేడు.

దీనికి మొప్పలతో పాటు గాలి పీల్చుకునే ఏర్పాటు కూడా ఉంది. అందుకే బురద గుంటలోనూ బతుకుతుంది, మార్కెట్లో తొట్టిలో గంటల తరబడి కదులుతూనే ఉంటుంది. వానాకాలంలో ఒడ్డు పక్కన గడ్డి, తూటికాడ మధ్య కాస్త చోటు శుభ్రం చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలు పుట్టాక తల్లీతండ్రీ వాటిని వదిలిపోవు. ఆ పిల్లలు ఎర్రగా, నారింజ రంగులో, బంతిలా ఒకే గుంపుగా తిరుగుతాయి. గాలి కోసం అన్నీ కలిసి పైకి వస్తే నీళ్లు సన్నగా ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది. సరిగ్గా ఆ కిందే పెద్ద చేప కాపలా ఉంటుంది.

చాలా వీడియోల్లో ‘సీక్రెట్ టెక్నిక్’ అని చెప్పేది ఇదే. ఎర్ర గుంపు వెతుకు, దాని మధ్యలోకి రబ్బరు కప్ప విసురు, చేప గ్యారంటీ. గ్యారంటీయే మరి. అది ఆకలితో కొట్టదు, పిల్లల మీదికి ఏదో వచ్చిందని కొడుతుంది. తల్లిని లాగేసిన కాసేపటికే పరకలు, జెల్లలు, చివరికి ఇతర కొరమీన్లు కూడా ఆ పిల్లల్ని ఏరుకు తింటాయి. ఒక చేప కోసం గుంపంతా పోయినట్టే. దీన్ని నైపుణ్యం అనడం కష్టం. నీళ్ల మీద అలికిడి, గడ్డి వంపు, నీడ చూసి మామూలు కొరమీనును రప్పించడం నైపుణ్యం. ఎర్ర గుంపు కనిపించిందా, పది నిమిషాలు చూడండి, కావాలంటే వీడియో తీయండి. రాడ్ మాత్రం వేరే వైపు తిప్పండి.

వదిలేసేటప్పుడు కూడా ఒక పద్ధతుంది. పొడి చేతులతో పడితే చేప ఒంటి మీది జిగురు పొర ఊడుతుంది, అక్కడే బూజు పడుతుంది. చేతులు తడుపుకోండి. గాలం కొనలో వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును ప్లయర్‌తో ముందే నొక్కేస్తే చేప నోరు చిరగకుండా గాలం ఊడొస్తుంది. ఆ గాలం పొరపాటున మీ వేలికి దిగినా సులువుగా వస్తుంది! బొచ్చె, రోహులకు కొరమీనులా బయటి గాలి పీల్చే ఏర్పాటు లేదు. ఫొటో సెషన్ సాగే కొద్దీ అవి చచ్చిపోతుంటాయి.

వదలకూడనివి కూడా ఉన్నాయి. ఒంటి నిండా గట్టి పొలుసులతో, మచ్చలతో, మనవాళ్లు ‘దెయ్యం చేప’ అనే సక్కర్ క్యాట్‌ఫిష్ అక్వేరియంల నుంచి చెరువుల్లోకి చేరింది. వలలు చింపుతుంది, వేరే చేపల తిండి తినేస్తుంది. అది పడితే తిరిగి నీళ్లలో వెయ్యకండి, సొసైటీవాళ్లకు చూపించండి. మన దేశంలో 2000 నుంచి నిషేధంలో ఉన్న ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ విషయంలోనూ అంతే.

తెల్లవారే ముందు చెరువు

గాలం వేసేవాళ్లు చూడగలిగేది, ఊళ్లో మిగతావాళ్లు చూడలేనిది ఒకటుంది. తెల్లవారుజాము చెరువు. పగలు నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి ఇవ్వకపోగా అదీ పీల్చుకుంటుంది. కాబట్టి సూర్యుడు రాకముందు నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. మురుగు కలిసి నాచు విపరీతంగా పెరిగిన చెరువులో, రెండు మూడు రోజులు ముసురు పట్టిందంటే, ఆ వేళకు చేపలు పైకొచ్చి నోరు తెరిచి గుటకలేస్తుంటాయి. కొత్తవాళ్లకు ‘అబ్బ, ఇవాళ చేప పైపైనే ఉంది’ అనిపిస్తుంది. అవి ఎర కోసం రాలేదు, ఊపిరి కోసం వచ్చాయి. ఆ సమయంలో సొసైటీకి ఒక్క ఫోన్ వెళ్తే కొత్తనీళ్లు వదిలించుకోవడమో, వల దించి ఉన్నంతలో అమ్ముకోవడమో చేస్తారు. ఎండెక్కేదాకా ఎవరూ చెప్పకపోతే తెల్లటి పొట్టలు తేలుతాయి.

2017 అక్టోబరులో పటాన్‌చెరు వైపు గండిగూడెం చెరువులో పెద్దఎత్తున చేపలు చచ్చి తేలాయి. ఫ్యాక్టరీల వ్యర్థాలే కారణమని మత్స్యకారులు ఆరోపించారు. ఇలాంటి రోజున నీళ్ల రంగు, వాసన, ఏ కాలువ నుంచి నురగ వస్తోందన్నది వీడియో తీసి ఉంచిన ఫోన్ ఏ కిలోన్నర బొచ్చె రీల్ కన్నా విలువైనది. కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేసేటప్పుడు తేదీ, టైముతో సహా పనికొచ్చేది అదే. డైనమైట్, విషం, కరెంటు తీగలతో పట్టేవాళ్లు కనిపించినా అంతే. పేలుడు పదార్థాలు, విషం వాడి చేపలు చంపడం 1897 నాటి మత్స్య చట్టం కాలం నుంచే నేరం.

ఇంకో మాట, ఇది ప్రాణానికి సంబంధించింది. ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్న కార్బన్ రాడ్ గుండా కరెంటు పారుతుంది. చెరువు కట్టల మీదుగా వ్యవసాయ మోటర్ల తీగలు వేలాడుతుంటాయి. రాడ్ వెనక్కి ఊపి విసిరే ముందు తల ఎత్తి పైకి చూడండి. ఉరుములు మొదలయ్యాయంటే రాడ్ కింద పెట్టేయండి. మట్టి తవ్వుకుపోయిన చెరువుల్లో మోకాలి లోతు పక్కనే రెండు నిలువుల గుంత ఉంటుంది, ఎర చిక్కుకుందని దిగొద్దు. తెగిన తంగూసును అక్కడే పారెయ్యకుండా చుట్టి జేబులో వేసుకోండి. అది కొంగల కాళ్లకు చుట్టుకుంటే విప్పేవాళ్లుండరు.

మరి ఈ ఆదివారం వెళ్లేదెలా? కట్ట మీది ఆ మనిషి మీ దగ్గరికి వచ్చేదాకా ఆగకండి, మీరే ఆయన దగ్గరికి వెళ్లండి. రాడ్ బ్యాగులోంచి తీయకముందే వెళ్లండి. ‘కాకా, నమస్తే. గాలం ఏసుకుంటం, వల లేదు. బొచ్చె, రోహు పడ్తే నీ ముంగట్నే ఇడిసిపెడ్తం, పరకలు తీస్కపోతం. చెరువు పేరు వీడియోల పెట్టం’ అని చెప్పండి. ఆయన మిమ్మల్ని పైనుంచి కిందికి ఓసారి చూసి, ‘ఎంతమంది, ఎన్ని గాలాలు?’ అన్నాడంటే పని అయినట్టే.